రత్నాబాయి గదిలో గుహ

ముంబయి కామాటిపుర తెలుగు ప్రజలకు, వారి బంధుమిత్రులకు, వారితో మాటామంతీ మానేసిన వర్లి తెలుగువారికి కూడా సంతోషంతో తెలియజేయడమేమనగా, మన గల్లీ ముద్దుబిడ్డ అతుల్ మోటారుసైకిల్ మీద బౌద్ధక్షేత్రాలూ సున్నపురాతి గుహలూ చూసి రావడానికి బయల్దేరాడు. దారిలో హోటళ్ళలో దిగడు. బంధువుల ఇళ్ళలో అసలే దిగడు. ఆరుబయట గుడారం వేసుకుని, రాళ్ళ మధ్య వండుకు తిని, నేల మీద పడుకుంటాడు. ఇలాంటి బతుకును క్యాంపింగ్ అంటారనీ, దానికి బోలెడంత సామాను కొనాలనీ మన చాల్ జనానికి అప్పుడే తెలిసింది.

గల్లీ మొదట్లో సాగనంపు సభ జరిగింది. తెలుగు సమాజం అధ్యక్షులు పెద్దయ్య గారు కొబ్బరికాయను బండి ముందు చక్రం దగ్గర కొట్టి, దండను అతుల్ మెడలో వేయబోతే హెల్మెట్ అడ్డొచ్చింది. హెల్మెట్‌కే వేశారు. పెద్దయ్య గారు అధ్యక్షులు ఎప్పుడయ్యారో ఎవరికీ గుర్తులేదు. ఎన్నిక జరిగినట్టు కూడా గుర్తులేదు. ఆయన గొంతు మాత్రం అందరికీ గుర్తే. మైకు అక్కర్లేని ఆ గొంతుతో మైకు పట్టుకుని ఇలా సెలవిచ్చారు:

"మన తాతలు పాలమూరు నుంచి నడిచొచ్చి ఈ బంబై కట్టిండ్రు. రాళ్లు మోసిండ్రు, సున్నం తొక్కిండ్రు. గిప్పుడు మన అతుల్ అవ్వే రాళ్లు, అదే సున్నం సూసెతందుకు పోతున్నడు. మోసుడు కాడికెళ్ళి సూసుడు దాకా ఒచ్చినం! గిది తరక్కీ గాకుంటే ఇంకేంది?"

చప్పట్లు మోగిపోయాయి. కొట్టని మనిషి ఒక్కరే. అతుల్ నాయనమ్మ రత్నాబాయి. ఆమె ఎందుకు కొట్టలేదో చెప్పకపోతే మీరు ఆమెను గర్విష్ఠి అనుకోగలరు.

రత్నాబాయి ఉండే గది చాల్‌లో, అంటే ఒకే పొడుగు వసారా మీద వరసగా గదులున్న పాత మేడలో, రెండో అంతస్తు చివర ఉంది. అందులో కొడుకు, కోడలు, మనవడు అతుల్, మనవరాలు సారిక, ఒక ఫ్రిజ్, ఒక కుట్టుమిషను ఉంటారు. వీళ్ళందరూ సర్దుకోగా మిగిలిన మూల రత్నాబాయిది. సరిగ్గా ఆ మూలకు పైన, మూడో అంతస్తులో, గిన్నెలు తోముకునే, బట్టలుతుక్కునే, స్నానాలు చేసే ఉమ్మడి మోరీ ఉంది. ఆ మోరీ ఏళ్ళ తరబడి కారుతోంది. పోయిన వానాకాలం పెచ్చు ఊడి అన్నం గిన్నెలో పడింది. ఈ వానాకాలం గిన్నె మీద కాక తన మీద పడుతుందని రత్నాబాయి భయం. ముసలివాళ్ళకు ఇలాంటి చాదస్తాలు మామూలే.

ఆ కప్పు బాగుచేయాల్సింది సర్కారు వారి మరమ్మతుల ఆఫీసు. ఆఫీసువాళ్ళు చాలా మంచివాళ్ళు. ఎవరైనా రోజూ వచ్చి వాళ్ళ ఎదురుగా బల్ల మీద కూర్చుంటే, ఆ మొహం చూడలేక ఎప్పటికో ఒకప్పటికి పని చేసేస్తారు. రత్నాబాయికి మోకాళ్ళు లేవవు. కొడుకూ కోడలూ పనికి పోకపోతే పొయ్యి వెలగదు. అంచేత ఏడాదికోసారి దొరికే సెలవులో అతుల్ వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుంటానని నాయనమ్మ తల మీద చెయ్యి పెట్టి మరీ మాటిచ్చాడు. సెలవు దొరికింది. అతుల్ గుడారం కొన్నాడు.

"అతుల్యా, సుట్టీ దొర్కింది గదరా. పావుసాళా ఒస్తుంది, వానలు వడ్తయి. జెర ఆ ఆఫీసుల పొయ్యి కూసో బిడ్డా," అంది రత్నాబాయి.

"ఒచ్చినంక పక్కా పోత ఆజీ. ముందు నా మైండ్ జెర శాంత్ గావాలె."

"నీ మైండుకేమైందిరా? కారుతున్నది నా ఛత్తు గదా!"

అతుల్ గుడారం మేకులు లెక్కపెట్టుకోవడంలో పడ్డాడు. శాంతిని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు ఇలాంటి ప్రశ్నలకు జవాబివ్వరాదు. ఇంతకీ అతుల్ ఉద్యోగం ఏమిటంటే, పెద్దపెద్ద టవర్లలో ఏసీలు బాగుచేయడం. ఏ శెట్‌జీ గారి సోఫా మీదైనా ఏసీ నుంచి ఒక్క చుక్క కారిందంటే, తింటున్న ముద్ద వదిలేసి పరుగెత్తుతాడు. పనిమంతుడని కంపెనీలో మంచి పేరు.

బయల్దేరే ముందు గుడారం వేయడం అభ్యాసం చేయాలి కదా. చాల్‌లో అంత నేల లేదు. పక్కనే కడుతున్న టవరు దగ్గర ఖాళీ జాగా ఉంటే అక్కడ వేశాడు. ఆ టవరు పనికి అదే పాలమూరు నుంచి వచ్చిన సాయిలు, అతని భార్య లచ్చమ్మ అక్కడే నీలం ప్లాస్టిక్ పట్టా కింద కాపురముంటున్నారు. ఇద్దరూ పని ఆపి, అతుల్ మేకులు కొట్టడం జాలిగా చూశారు.

"ఏమాయె అన్నా, ఇల్లు ఖాళీ జేపిచ్చిండ్రా?" అన్నాడు సాయిలు.

"నై నై. షౌక్ కోసం. బయట పండుకుంటే మస్తు ఉంటది."

"షౌకుకా?" లచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మేము పెండ్లయినకాడికెళ్ళి బయటనే పంటున్నం. గిది షౌకని మాకెవలు జెప్పలే గదా అన్నా!"

ఇంత సౌకర్యం చేతిలో ఉండి కూడా దాన్ని ఆస్వాదించే అభిరుచి లేదు గదా వీళ్ళకు, అని అతుల్ నిజంగానే బాధపడ్డాడు. మనసు మెత్తన.

యాత్ర దిగ్విజయంగా సాగింది. తెలుగు సంస్కృతికి ప్రతినిధిగా వెళ్ళిన అతుల్ దారి పొడుగునా హిందీలోనే ప్రాతినిధ్యం వహించాడు. ముందుగా బెలూం గుహలకు వెళ్ళాడు. లోపల నడుం వంచుకుని నడవాలి. ఒంటి నిండా చెమట. గాలి గొట్టాల్లో వస్తుంది. వెనకున్నవాళ్ళు తోస్తుంటారు. పూర్వం బౌద్ధ భిక్షువులు ఇక్కడ తపస్సు చేసుకున్నారని గైడు చెప్పాడు. గ్రాంట్ రోడ్‌లో రోజూ పొద్దున లోకల్ రైలెక్కి తాను చేస్తున్నది కూడా అదేనని తెలియక, అతుల్ చేతులు జోడించాడు.

తర్వాత విశాఖ దగ్గర తొట్లకొండ ఎక్కాడు. సముద్రం కనిపిస్తూ ఉంటుంది. అక్కడ భిక్షువులు నివసించిన విహారాల పునాదులున్నాయి. వరసగా చిన్నచిన్న గదులు, గదుల ముందు ఒకటే పొడుగు వసారా, అందరికీ కలిపి నీళ్ళ తొట్లు. "సర్వం త్యజించినవాళ్ళు కదండీ, అందుకే ఇంత ఇరుకు గదుల్లో ఉండగలిగారు. గదికి ఒక్కరే!" అన్నాడు గైడు గర్వంగా. అతుల్‌కు ఎక్కడో చూసినట్టు అనిపించింది గాని ఎక్కడో తట్టలేదు. గదికి ఒక్కరే అన్నమాట దగ్గర బుర్ర దారి తప్పింది. ఏమీ త్యజించకుండానే గదికి ఐదుగురు చొప్పున ఉండేవాళ్ళను ఏమనాలో బౌద్ధంలో చెప్పినట్టు లేదు.

అరకు వైపు కొండల్లో గుడారం వేసిన రోజు వాన పట్టుకుంది. గుడారం ఒక మూల కారింది. అతుల్ పరవశించిపోయాడు. ఆ కారే చుక్కల చప్పుడు ఫోనులో పట్టి చెల్లెలికి పంపించాడు. "సున్, సారికా! ప్రకృతి సంగీతం!" అన్నాడు. సారిక దాన్ని నాయనమ్మకు వినిపించింది. రత్నాబాయి చెవి దగ్గర పెట్టుకుని విని, "అయ్యో, బిడ్డకు సర్ది పడ్తదేమో! ఓ కొసకు జరిగి పండుకొమ్మని జెప్పు," అంది. అంటూ తన మూలలో బొక్కెన నిండితే తీసి పారబోయమంది.

చివరగా బొర్రా గుహలు. అబ్బో, ఆ వైభవం ఏమని చెప్పేది! కప్పు నుంచి సున్నపు ఊడలు వేలాడుతున్నాయి. నేల నుంచి సున్నపు దిమ్మలు లేస్తున్నాయి. పైనుంచి నీరు ఇంకి, సున్నాన్ని కరిగించుకుని, చుక్కచుక్కగా కారి, వేల ఏళ్ళకు వేలెడు చొప్పున ఇలా పెరుగుతాయని గైడు చెప్పాడు. ఇదిగో శివపార్వతులు, అదిగో తల్లీబిడ్డ, ఆ మూల మొసలి అని టార్చి వేసి చూపించాడు. జనం చూపించినవన్నీ చూశారు. ఇంతలో అతుల్ నడినెత్తి మీద ఒక చుక్క పడింది. పక్కనున్న పెద్దావిడ అదృష్టవంతుడివి నాయనా అంది. చల్లగా, కాస్త జిగటగా ఉన్న ఆ చుక్క అతుల్‌కు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. ఇంట్లో పడుతుంటే తుడుచుకునేవాడు. ఇక్కడ టిక్కెట్టు కొన్నాడు గనక కళ్ళకద్దుకున్నాడు.

ఇంటికి తిరిగొచ్చి, దండ వేయించుకుని, నడుం వాల్చి పైకి చూశాడో లేదో, లేచి కూర్చున్నాడు. రత్నాబాయి మూల మీద కప్పు నుంచి తెల్లటి సున్నపు ఊడలు వేలాడుతున్నాయి! ఒకటి జానెడుంది. చివర చుక్క మెరుస్తోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాడు గాని, గైడు లేకపోవడం వల్ల కనపడలేదు.

"ఆజీ! ఇది బొర్రా! బిల్కుల్ బొర్రా! ఆడ వేల ఏండ్లు పట్టింది, మనకాడ నీ కండ్ల ముంగటనే పెరిగింది!"

"అయితే ఆఫీసుకు ఎప్పుడు పోతవురా?" అంది రత్నాబాయి.

అప్పటికే సారిక ఫోను తీసింది. మరునాటికి కామాటిపురలోనూ, ఆ పైవారానికి వర్లిలోనూ దాన్ని చూడనివాడు లేడు. పెద్దయ్య గారు కార్యవర్గాన్ని వెంటబెట్టుకుని విచ్చేశారు. ఆ శిల దేన్ని పోలి ఉందన్న విషయం మీద చర్చ వాడిగా సాగింది. గణపతి తొండం అని కొందరు, ధ్యానబుద్ధుడని అతుల్, ఒక కార్పొరేటరు గారి ముక్కు అని ఇంకొందరు. కొట్టుకునేదాకా వస్తే, పెద్దయ్య గారు మధ్యేమార్గంగా "తపోబిందు శిల" అని నామకరణం చేశారు. తపస్సు చేస్తున్నదెవరు, బిందువు ఎక్కడిది అని ఎవరూ అడగలేదు. బిందువు పై అంతస్తువాళ్ళు గిన్నెలు తోమిన నీళ్ళది.

ఇక సమాజం వారి చర్యలు చకచకా సాగాయి. ఇన్నేళ్ళుగా మోరీలో నీళ్ళు తక్కువ పోయండని పైవాళ్ళను బతిమాలేవారు. ఇకమీదట ధారాళంగా పోయాలనీ, నీళ్ళు పొదుపుగా వాడి శిల ఎదుగుదలకు అడ్డుతగలరాదనీ ఆదేశించారు. పైవాళ్ళు చెప్పొద్దూ, జాతి గౌరవం కోసం రెండు పూటలా స్నానం చేశారు. రత్నాబాయి బొక్కెన పెట్టకూడదన్నారు. పెడితే కింద దిమ్మ ఎలా లేస్తుంది? అది లేవడానికి వీలుగా ఆమె పరుపు చుట్టి పెట్టించారు. ఆ మూల చుట్టూ తాడు కట్టారు. తన మూలలోకి వెళ్ళాలంటే రత్నాబాయి తాడు కింద నుంచి దూరాల్సి వచ్చింది. చెప్పులు విప్పి.

పడుకోవడానికి ఆమెకు చోటు లేదు కదా, దానికి అతుల్ వెంటనే పరిష్కారం కనిపెట్టాడు. కుట్టుమిషను జరిపి గదిలోనే గుడారం వేశాడు. "నువ్వు గూడ క్యాంపింగ్ చేస్తున్నవ్ ఆజీ!" అని సంబరపడ్డాడు. గుడారంలో దూరడానికి వంగలేక, వంగితే లేవలేక, ఆ పెద్ద ప్రాణం ఎంత అవస్థ పడిందో సారిక తీసిన ఫోటోలో కనిపించదు. ఫోటోలో నవ్వు మాత్రమే పడింది.

పక్క గల్లీవాళ్ళకు కడుపు మండింది. మా కప్పులు మీకన్నా ముందు నుంచీ కారుతున్నాయి, మమ్మల్ని గుర్తించరేమని ధర్నాకు దిగారు. అంతవరకూ రిపేరు చేయండని మొత్తుకున్నవాళ్ళు ఆ మాటే మానేశారు. కారని కప్పుల కింద ఉన్నవాళ్ళు నలుగురిలో తలెత్తుకోలేకపోయారు.

జనంతో పాటు సాయిలు కూడా వచ్చాడు. అందరూ శిలను చూస్తుంటే అతను దాని పక్కన ఉబ్బిన పెచ్చును చూశాడు. "అవ్వా, గిది పడేటట్టున్నది. అయితారం నాడు నేనూ లచ్చమ్మా ఒచ్చి మీద మోరీ పగుల్లు మూసి, గీ పెచ్చు దీసి సిమెంటు గిలాబు జేస్త," అన్నాడు. రత్నాబాయి మొహం విప్పారింది. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో వెలుగు వచ్చింది. పెద్దయ్య గారికి కోపం వచ్చింది.

"తాపీ పట్టుకుంటే తపోబిందు మీద చెయ్యేస్తవా? మా తాతలు ఈ బంబై కట్టినోళ్లు! సున్నం సంగతి మాకు నేర్పుతవా?" అని గర్జించారు. ఆయన తాత తర్వాత ఆ ఇంట్లో తాపీ పట్టుకున్నవాడు లేడు. అతుల్ ఏదో అనబోయి, సారిక వీడియో తీస్తోందని చూసి జుట్టు సర్దుకున్నాడు. సాయిలు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగింది చరిత్ర. మరమ్మతుల ఆఫీసు సాహెబు గారు స్వయంగా విచ్చేశారు! ఎన్నేళ్ళు పిలిచినా రాని మహానుభావుడు పిలవకుండానే, భార్యాబిడ్డలతో, చేతిలో పూలతో వచ్చారు. ఆయన రిపేరు కోసమే వచ్చారనుకుని రత్నాబాయి కోడలి చేత ఏలకులు వేయించి టీ పెట్టించింది. తానే తాడు కింద దూరి, వేలితో పైకి చూపించింది.

"ఇగో సాబ్, గీడనే. పోయినసారి గిన్నెల పడ్డది. గీసారి నా మీదనే పడ్తది. వానల కంటే ముందు జేపిచ్చి పుణ్యం గట్టుకో బాబా."

సాహెబు గారు పైకి చూశారు. చాలాసేపు చూశారు. కళ్ళు చెమర్చాయి. పూలు కింద పెట్టి, "ఎంత అదృష్టం ఆజీ నీది! దీని మీద ఎవరినీ చెయ్యి వేయనీయకు," అని, ఆమె పక్కన నిలబడి ఫోటో దిగి, టీ బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయారు. పెద్దయ్య గారు గుమ్మం దాకా వెళ్ళి, "మా సమాజం తరఫున మాట ఇస్తున్న సాబ్, ఎవ్వల్ని ముట్టనియ్యం," అన్నారు. రత్నాబాయి ఖాళీ టీకప్పులు తీస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అతుల్ అది చూశాడు. మాటిచ్చిన రోజు నాయనమ్మ తల మీద పెట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. రేపే ఆఫీసుకు వెళ్ళాలనుకున్నాడు. రేపటికీ ఏసీల సీజను అయిపోలేదు.

వాన వచ్చింది. ముంబయి వాన సంగతి మీకు తెలుసు. మధ్యాహ్నం రత్నాబాయి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుండగా తపోబిందు శిల, దాని పక్కన ఉబ్బిన పెచ్చు, ఆ వెనకాల మోరీ నేలలో సగం కలిసికట్టుగా దిగొచ్చాయి. గుడారం చదునైపోయింది. ఆమె అందులో లేదు గనక బతికింది. భుజం మీద పెళ్ళ పడి చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు.

కామాటిపుర శోకసముద్రంలో మునిగింది. తెలుగు సమాజం వారు సంతాపసభ ఏర్పాటు చేశారు. శిల నిలువెత్తు ఫోటోకు దండ వేశారు. పెద్దయ్య గారు మంచినీళ్ళు తాగి మైకు అందుకున్నారు. "కోహినూరు పోయినప్పుడు గూడ మనం గింత నష్టపోలే," అన్నారు. అందరూ లేచి మౌనం పాటించారు. కట్టుతో ఉన్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని రత్నాబాయి కూడా లేవబోయింది. అతుల్ ఆమెను కూర్చోబెట్టి, మౌనం మధ్యలోనే ఒక్కసారిగా అరిచాడు.

"మా ఆజీ చెయ్యి ఇరిగింది! ఎవరన్నా ఒక్కళ్ళు అడిగిండ్రా? నా వల్లనే ఇరిగింది!"

సభ నొచ్చుకుంది. ఇంటి విషయాలు ఇక్కడ వద్దని పెద్దయ్య గారు కళ్ళతో సైగ చేశారు. మౌనం మళ్ళీ మొదటి నుంచి పాటించాల్సి వచ్చింది.

మరునాడు అతుల్ ఏసీల పని ఎగ్గొట్టి మరమ్మతుల ఆఫీసుకు పోయి బల్ల మీద కూర్చున్నాడు. సాయంత్రానికి సాహెబు గారి దర్శనమైంది. ఆయన చాలా బాధపడ్డారు. కప్పు ఉన్నప్పుడు ముట్టవద్దన్నది మీ సమాజమే కదా అని గుర్తుచేశారు. ఇప్పుడు కప్పే లేదు గనక కప్పు మరమ్మతు కిందికి రాదనీ, కొత్త కప్పు వేయడం వేరే ఆఫీసు పరిధిలో ఉంటుందనీ, ఆ ఆఫీసు ఎక్కడుందో తనకు తెలియదనీ ఓపికగా వివరించారు. చివర్లో ఫోను తీసి, "మీ ఆజీతో దిగిన ఫోటో. మా ఆవిడ ఇంట్లో పటం కట్టించి పెట్టింది," అని చూపించారు. అతుల్ రోజూ అక్కడికి పోతూనే ఉన్నాడు. ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

గదికి సాయిలు తన నీలం పట్టాల్లో ఒకటి తెచ్చి కట్టిపోయాడు. దాని కింద రత్నాబాయి కూర్చుని ఉంటుంది. జనం రావడం తగ్గలేదు. శిల ఉన్నప్పటికన్నా అది పడిన చోటు చూడటానికి ఎక్కువమంది వస్తున్నారు. గుమ్మంలో ఎవరి నీడ పడినా ఆమె తల ఎత్తుతుంది.

"రిపేరుకొచ్చినవా బిడ్డా?" అని అడుగుతుంది.

"లేదు ఆజీ, ఊరికే చూసిపోదామని వచ్చాం," అంటారు వచ్చినవాళ్ళు. అని, పైకి చూసి, అయ్యో పాపం అని, కొందరు కళ్ళు కూడా తుడుచుకుని వెళ్ళిపోతారు.

ఇంతదూరం చదువుకుంటూ మీరూ ఆ గుమ్మం దాకా వచ్చారు. ఆమె తల ఎత్తి మీ వైపే చూస్తోంది. చెప్పండి మరి.